మీ యాప్‌ను మా లినక్స్ ఫోన్లలో నడవనివ్వండి: యాప్‌లు తయారుచేసే సంస్థలకు బహిరంగ లేఖ

బ్యాంకులు, బీమా సంస్థలు, టికెట్లు అమ్మే సంస్థలు, ఆస్పత్రులు, ప్రభుత్వ సేవల కోసం మొబైల్ యాప్‌లు తయారుచేసే బృందాలకు, ఆ యాప్‌లపై నిర్ణయాలు తీసుకునే అధికారులకు,

నమస్కారం.

మీ పని తేలికైంది కాదని తెలుసు. రోజూ ఏదో ఒక మూల కొత్త మోసం పుట్టుకొస్తుంది. నష్టం జరిగితే అందరూ ముందు మిమ్మల్నే నిలదీస్తారు. ఆ సంగతి మరిచిపోకుండానే, మీ యాప్‌లు మా లినక్స్ ఫోన్లలో తెరుచుకోవడం లేదన్న ఫిర్యాదుతో ఈ లేఖ రాస్తున్నాను. ఇదే విషయాన్ని ముందు మామూలు పద్ధతిలో చెప్పాను. సహాయ విభాగాలకు మెయిల్ పెట్టాను, యాప్‌లోని ఫిర్యాదు పేజీలో రాశాను. వచ్చిన జవాబులన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి: "మీ పరికరం మా భద్రతా ప్రమాణాలకు సరిపోదు. సర్టిఫై అయిన ఆండ్రాయిడ్ ఫోన్ వాడండి." ఏ ప్రమాణం, ఎందుకు సరిపోదు అన్న ప్రశ్నలకు మాత్రం సమాధానం లేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాను.

లినక్స్ ఫోన్ అంటే ఏదో హ్యాకర్ల ఆటవస్తువని మీలో ఎవరైనా అనుకుంటుంటే ముందు ఆ అపోహ పోవాలి. లినక్స్ అంటే ఎవరైనా చూసి మార్చుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఆండ్రాయిడ్‌కు అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నెలే, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగమే. తేడా అంతా పైన నడిచే వ్యవస్థలో ఉంది. మా ఫోన్లలో కంప్యూటర్ల మీద ఏళ్ల తరబడి నడిచిన లినక్స్ సాఫ్ట్‌వేరే చిన్న తెరకు తగ్గట్టు సర్దుకుని నడుస్తుంది. కెనానికల్ సంస్థ 2013లో ప్రకటించి 2017లో వదిలేసిన ఉబుంటు టచ్ అనే ఫోన్ వ్యవస్థను యూబీపోర్ట్స్ వాలంటీర్లు అందుకుని ఇప్పటికీ నడుపుతున్నారు. అదే 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ ఓఎస్, తయారీదారులు చేతులు దులుపుకున్న పాత ఫోన్లకు మళ్లీ అప్‌డేట్లు అందించే పనిలో ఉంది. ఫిన్లాండ్ నుంచి సెయిల్‌ఫిష్ ఉంది, డెబియన్ అనే లినక్స్ రకం మీద కట్టిన మోబియన్ ఉంది. లినక్స్ కోసమే తయారైన పైన్‌ఫోన్, లిబ్రెమ్ 5 లాంటి ఫోన్లూ ఉన్నాయి. లిబ్రెమ్ 5 అంచున మూడు స్విచ్చులు ఉంటాయి. వాటిలో ఒకటి జరిపితే కెమెరాకూ మైకుకూ కరెంటే అందదు. భద్రత గురించి ఇంత పట్టింపు ఉన్నవాళ్లను భద్రత పేరు చెప్పి బయటికి పంపడం నాకైతే విడ్డూరంగానే తోస్తుంది.

ఇలాంటి ఫోన్‌లో ఆండ్రాయిడ్ యాప్ ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. మీ తనిఖీలు రాసినవాళ్లు దీన్ని ఎప్పుడూ చూసినట్టు లేదు. 2021 నుంచి వేడ్రాయిడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందుబాటులో ఉంది. అది లైనేజ్ ఓఎస్ (వాలంటీర్లు తయారుచేసే ఆండ్రాయిడ్ రూపం) ఆధారంగా తయారైన పూర్తి ఆండ్రాయిడ్‌ను లినక్స్ లోపల ఒక కంటైనర్‌లో, అంటే మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసిన గదిలాంటి చోట, నడుపుతుంది. ఇది వేరే ఫోన్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ఎమ్యులేటర్ కాదు. ఫోన్‌లో ఉన్నది ఎలాగూ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే ఏఆర్‌ఎమ్ రకం ప్రాసెసరే కాబట్టి మీ యాప్ కోడ్ నేరుగా దానిపైనే నడుస్తుంది. మీ యాప్ వచ్చిన చుట్టం లాంటిది. చుట్టాన్ని ముందు గదిలో కూర్చోబెట్టి మర్యాద చేస్తాం గానీ బీరువా తాళాలు చేతికివ్వం కదా. వేడ్రాయిడ్ మాకు ఆ ముందు గది.

ఆ గదిలోంచి మీ యాప్ చూస్తే కాంటాక్టులు ఖాళీ, ఫోటోలు ఖాళీ, మెసేజ్‌లు ఖాళీ. నా అసలు కాంటాక్టులు బయట లినక్స్ వైపు ఉంటాయి, అవి దానికి కనబడవు. ఏదైనా పత్రం పంపాల్సి వస్తే ఆ ఒక్క ఫైలును లోపలికి చేరుస్తాను, పని కాగానే తీసేస్తాను. కంటైనర్ ఇంటర్నెట్‌కు వెళ్లే దారి వేరే నెట్‌వర్క్ బ్రిడ్జి గుండా పోతుంది కాబట్టి దాని ముందు ఫైర్‌వాల్ (అక్కర్లేని కనెక్షన్లను ఆపే కాపలా) పెట్టుకోవచ్చు, దానికొక్కదానికే వీపీఎన్ కూడా పెట్టుకోవచ్చు. పనయ్యాక సెషన్ ఆపేస్తే లోపలున్న ఆండ్రాయిడ్ మొత్తం ఆగిపోతుంది. వెనకాల మేలుకుని ఏదో పంపుతూ కూర్చునే అవకాశమే ఉండదు. గూగుల్ ఖాతా అక్కర్లేదు. నోటిఫికేషన్లు కావాలనుకున్నవాళ్లు, యాప్‌లకు అవి అందించే గూగుల్ ప్లే సర్వీసెస్‌కు బదులు మైక్రోజీ అనే ప్రత్యామ్నాయం పెట్టుకుంటారు.

ఇదంతా ఎందుకింత శ్రమ అంటారా? ఒకసారి ఒక టికెట్ యాప్ తెరిచి, ఫోన్ నంబరు కూడా కొట్టకముందే పక్కన టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) ఆ యాప్ కనెక్షన్ల జాబితా చూశాను. టికెట్ సంస్థ సర్వర్ సరే. దాంతో పాటు ప్రకటనలవాళ్ల చిరునామాలు, వాడకాన్ని లెక్కగట్టేవాళ్ల చిరునామాలు వరసగా వచ్చి పడుతున్నాయి. నేనింకా ఎక్కడికి వెళ్లాలో చెప్పనేలేదు, అప్పుడే ఇంతమందికి కబురు వెళ్లింది! ఆ చిరునామాలన్నీ ఫైర్‌వాల్‌లో ఆపేశాను. టికెట్ శుభ్రంగా వచ్చింది. అంటే టికెట్ ఇవ్వడానికి ఆ కనెక్షన్లలో ఏ ఒక్కటీ అవసరం లేదన్నమాట.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. నా ఖాతా ఉన్న బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. దాని యాప్ చాలాకాలం ఈ కంటైనర్‌లో ఏ గొడవా లేకుండా నడిచింది. ఒక అప్‌డేట్ వచ్చాక తెరిస్తే లోగో కనిపించింది, చక్రం కాసేపు తిరిగింది, ఆపై ఒక పెట్టె: "భద్రతా కారణాల వల్ల ఈ పరికరంలో యాప్ పనిచేయదు." కింద ఒకే బటన్, "సరే". సరే అనకపోతే ముందుకు పోదు, సరే అంటే యాప్ మూసుకుపోతుంది. వెబ్‌సైట్‌లో లాగిన్ అవుదామంటే అక్కడా "యాప్‌లో ఆమోదించండి" అంటుంది. నా డబ్బు నా ఖాతాలోనే ఉంది, బ్యాలెన్స్ చూసుకునే దారే మూసుకుపోయింది.

ఆ పెట్టె వెనక పనిచేస్తున్నది చాలా చోట్ల గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ. పాత సేఫ్టీనెట్ స్థానంలో వచ్చిన తనిఖీ ఇది. ఫోన్ గూగుల్ సర్టిఫై చేసినదేనా, బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే వ్యవస్థను మొదలుపెట్టే భాగం) లాక్‌లో ఉందా వంటివి చూసి బేసిక్, డివైస్, స్ట్రాంగ్ అని మూడు మెట్లలో తీర్పు ఇస్తుంది. పై మెట్టు తీర్పుకు ఆధారం ఫ్యాక్టరీలోనే ఫోన్ చిప్‌లో పెట్టిన రహస్య తాళపుచెవులు, వాటి సంతకాల గొలుసు గూగుల్ దాకా వెళ్తుంది. కంటైనర్‌లో ఆ చిప్ తాళపుచెవి ఉండదు కాబట్టి వేడ్రాయిడ్ నిజాయితీగా ఆ పై మెట్టు ఎక్కడం సాధ్యం కాదు. అందులో వైరస్ ఉందని ఎవరూ కనిపెట్టలేదు, దొంగతనం ఏదీ బయటపడలేదు. గూగుల్ ముద్ర లేదు, అంతే.

దీనివల్ల మామూలు మనుషుల మీద పడుతున్న భారం ఇది.

1. భద్రత తలకిందులవుతోంది. తయారీదారు అప్‌డేట్లు ఆపేసి ఏళ్లు గడిచిన ఆండ్రాయిడ్ ఫోన్, అందరికీ తెలిసిన లోపాలతో సహా, మీ తనిఖీలో చాలావరకు పాసవుతుంది. భద్రతా అప్‌డేట్ ఏడాదిలోపుదై ఉండాలన్న షరతు ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లలో "స్ట్రాంగ్" మెట్టుకే ఉంది. ఈ వారమే కెర్నెల్ అప్‌డేట్ అందుకున్న లినక్స్ ఫోన్ మాత్రం ఫెయిల్. మీరు కొలుస్తున్నది ఫోన్ ఎంత భద్రమో కాదు, దాని మీద ఎవరి ముద్ర ఉందో.

2. నిజం చెప్పిన ఫోన్ బయట, అబద్ధం చెప్పిన ఫోన్ లోపల. ఈ తనిఖీని దాటించడానికే తయారైన మాడ్యూళ్లు, ఎక్కడో లీకైన తాళపుచెవులు చేతులు మారుతూనే ఉన్నాయి. గూగుల్ ఒకదాన్ని రద్దు చేస్తే ఇంకొకటి వస్తుంది. విసిగిపోయిన మామూలు మనిషి, ఎవరు రాశారో తెలియని కోడ్‌కు రూట్ అధికారం, అంటే ఫోన్ మీద పూర్తి పెత్తనం, ఇచ్చి మరీ మీ బ్యాంకు యాప్ తెరుస్తున్నాడు. అతణ్ణి ఆ గతి పట్టించింది మీ తనిఖీయే. ముఠాగా మోసం చేసేవాడికి ఇది అడ్డే కాదు. సర్టిఫై అయిన చవక ఫోన్లు వరసగా పెట్టుకుని పని కానిస్తాడు, ఆ ఫోన్లన్నీ "స్ట్రాంగ్" అనే చెబుతాయి.

3. రెండో ఫోన్ ఖర్చు. మీ ఒక్క యాప్ కోసమే ఇంకో ఫోన్ కొనుక్కుని, ఛార్జింగ్ పెట్టుకుంటూ, దానికీ అప్‌డేట్లు చూసుకుంటూ తిరిగేవాళ్లున్నారు. కొనగలిగినవాళ్లు కొంటారు. కొనలేనివాళ్లు గోప్యత వదులుకుంటారు.

4. మధ్యలో మూడో మనిషి. నేను ఒప్పందం చేసుకున్నది బ్యాంకుతో. గూగుల్‌తో కాదు. కానీ మీ యాప్ ప్లే స్టోర్‌లోనే దొరుకుతుంది, ప్లే స్టోర్‌కు గూగుల్ ఖాతా కావాలి. ఏదో ఆటోమేటిక్ తప్పిదం వల్ల ఆ ఖాతా నిలిచిపోతే కొత్త ఫోన్‌లో మీ యాప్ వేసుకోవడానికే దారి దొరకదు. బ్యాంకుకూ ఖాతాదారుకూ సంబంధం లేని ఒక కంపెనీ నిర్ణయం మీద జీతం డబ్బు ఆధారపడటం ఏ లెక్కన న్యాయం?

5. వైద్యం, టికెట్లు, గుర్తింపు పత్రాలు. వీటిలో చాలావాటికి కౌంటర్లు తగ్గుతున్నాయి, అన్నిటికీ "యాప్‌లో చూసుకోండి" అంటున్నారు. బ్యాంకు నచ్చకపోతే మరో బ్యాంకుకు మారవచ్చు. పరీక్షల రిపోర్టు ఆస్పత్రి యాప్‌లోనే ఉంటే రోగి ఎక్కడికి మారతాడు? ప్రభుత్వ విభాగం యాప్ మూసుకుపోతే పౌరుడు ఏ ప్రభుత్వానికి మారతాడు?

6. పనిచేసే ఫోన్లు చెత్తలో పడుతున్నాయి. పోస్ట్‌మార్కెట్ ఓఎస్ లాంటివి మరికొన్నేళ్లు బతికించగల ఫోన్‌ను, మీ యాప్ ఒక్కటి తెరుచుకోలేదని పక్కన పడేస్తున్నారు.

"మీలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?" అని మీ సమావేశాల్లో ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. లినక్స్ ఫోన్లు వాడేవాళ్లం తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఇదే తలుపు భద్రత కోసం తయారైన ఆండ్రాయిడ్ రూపం గ్రాఫీన్ ఓఎస్ వాడేవాళ్ల ముఖం మీదా పడుతోంది, లైనేజ్ ఓఎస్ వాడేవాళ్ల మీదా పడుతోంది. 2019 ఆంక్షల తర్వాత గూగుల్ సేవలు లేకుండా వచ్చిన హువావే ఫోన్లు కొన్నవాళ్ల మీదా పడుతోంది. వాళ్లందరినీ కలిపి లెక్కేయండి. అయినా తలుపు మూసేసి, లోపలికి వచ్చినవాళ్లు తక్కువమందేనని లెక్క చూపించడం ఎక్కడి వాదన?

మా వైపు లోపాలూ దాచను. కంటైనర్ అంటే జైలు గోడ కాదు. లోపలి ఆండ్రాయిడ్, బయటి లినక్స్ ఒకే కెర్నెల్‌ను పంచుకుంటాయి, కెర్నెల్‌లో పెద్ద లోపం దొరికితే గోడ దాటవచ్చు. ఎవరైనా సౌకర్యం కోసం క్లిప్‌బోర్డ్‌ను రెండు వైపులా కలిపి పెట్టుకుంటే అందులో కాపీ చేసిన పాస్‌వర్డ్ యాప్‌కూ కనిపించవచ్చు. సిమ్‌తో యాప్‌ను ముడిపెట్టే పద్ధతి ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే కంటైనర్‌కు సిమ్‌ను నడిపే మోడెమ్ కనబడదు. ఫోన్‌ను మెషీన్‌కు తాకించి డబ్బు కట్టే సదుపాయం మేం అడగడం లేదు. దానికి వేరే హార్డ్‌వేర్ భద్రత కావాలి, అక్కడ మీరు పట్టుబడితే అర్థం ఉంది. బ్యాలెన్స్ చూసుకోవడానికి, టికెట్ కొనడానికి, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి అంత పట్టు దేనికి? అవే పనులు ఏ లాక్‌లూ లేని, ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ అయినా వేసుకోగల ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో మీరే ఏళ్ల తరబడి చేయనిచ్చారు.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. యాప్‌లో ఉన్న ప్రతి ముఖ్యమైన సేవా వెబ్‌సైట్‌లోనూ ఉండాలి, ఆ వెబ్‌సైట్‌లోకి వెళ్లడానికి యాప్ అవసరం ఉండకూడదు. మిగతావేవీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి. రెండో అంచె ధృవీకరణకు 2011 నుంచి ఉన్న ఆర్‌ఎఫ్‌సీ 6238 ప్రమాణం చాలు. ముప్ఫై సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ అదే, ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా వస్తుంది. ఇంకా గట్టిది కావాలంటే హార్డ్‌వేర్ కీ (లాగిన్ కోసం వాడే చిన్న భద్రతా పరికరం) పెట్టండి. దానికి ఆధారమైన వెబ్‌ఆథెన్ 2019లోనే వెబ్ ప్రమాణమైంది. నకిలీ వెబ్‌సైట్లను ఓటీపీ మెసేజ్ ఆపలేదు, హార్డ్‌వేర్ కీ ఆపుతుంది. కాబట్టి ఇందులో లాభం మీకే ఎక్కువ.

2. ప్లే ఇంటెగ్రిటీ తీర్పును ఒక సూచనగా వాడండి, తాళంగా వాడకండి. ఇది మా కోరిక మాత్రమే కాదు. దాన్ని మిగతా సంకేతాలతో కలిపి వాడాలని, మోసాలను ఆపడానికి అదొక్కటే సాధనం కాకూడదని గూగుల్ డెవలపర్లకు ఇచ్చే పత్రాల్లోనే ఉంది. ముద్ర లేని ఫోన్ వస్తే లావాదేవీ పరిమితి తగ్గించండి, మరో ధృవీకరణ అడగండి, కొత్త వ్యక్తికి డబ్బు పంపేటప్పుడు కొన్ని గంటలు ఆపండి. మొదటి తెర దగ్గరే మెడపట్టి గెంటకండి.

3. ప్లే సర్వీసెస్ లేకపోతే యాప్ కుప్పకూలకూడదు. పుష్ నోటిఫికేషన్ రాకపోతే యాప్ తెరిచినప్పుడు సర్వర్‌ను అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది. మ్యాప్ రాకపోతే చిరునామా అక్షరాల్లో చూపించండి.

4. కాంటాక్టులు, లొకేషన్ ఇవ్వనన్నవాడికి కూడా సేవ అందాలి. ఫోటో కావాలంటే ఆ ఒక్క ఫోటో అడగండి. గ్యాలరీ అంతా ఎందుకు?

5. యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలును మీ సొంత వెబ్‌సైట్‌లోనూ పెట్టండి, పక్కనే దాని డిజిటల్ సంతకం వేలిముద్ర (ఫైలు అసలుదో కాదో సరిచూసుకునే కోడ్) ప్రచురించండి. ఇప్పుడు ప్లే స్టోర్ లేనివాళ్లు అదే ఫైలును మూడో చేతి సైట్ల నుంచి దించుకుంటున్నారు. నకిలీలు పుట్టేది అక్కడే.

6. హార్డ్‌వేర్ ధృవీకరణ తప్పదనుకుంటే, ఫోన్ చిప్ తాళపుచెవితో సంతకాన్ని సరిచూసే, ఆండ్రాయిడ్‌లోనే ఉన్న కీ అటెస్టేషన్‌ను నేరుగా వాడి, గ్రాఫీన్ ఓఎస్ లాంటి వ్యవస్థల తాళపుచెవులనూ మీ జాబితాలో చేర్చండి. వేడ్రాయిడ్ వాడే మాకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే కొందరికైనా తలుపు తెరుచుకుంటుంది.

7. యాప్ తెరవనివ్వకపోతే కారణం నిజాయితీగా చెప్పండి. "మీ ఫోన్ హ్యాక్ అయింది" అన్న అర్థం వచ్చేలా భయపెట్టకండి. "ఈ ఫోన్‌కు గూగుల్ ధృవీకరణ లేదు, వెబ్‌సైట్‌లో ఇలా చేసుకోండి" అని రాస్తే ఆ మనిషికి ఆ టెన్షన్ ఉండదు, మీ కాల్ సెంటర్‌కూ భారం తగ్గుతుంది.

ఆర్థిక సంస్థలకూ ప్రభుత్వ సేవలకూ నిబంధనలు రాసే అధికారులకు ఒక్క మాట. "పరికర భద్రత చూడాలి" అని మీరు రాసిన వాక్యాన్ని కింద ఉన్నవాళ్లు "గూగుల్ లేదా యాపిల్ ముద్ర ఉండాలి" అని చదువుకుంటున్నారు. సహాయ విభాగాలు నాతో "ఇది నిబంధనల ప్రకారమే" అన్నాయి. ఏ నిబంధన అని అడిగితే చూపించలేదు. మీ ఉద్దేశం అది కాకపోతే స్పష్టంగా రాయండి: ముఖ్యమైన సేవలకు ఏ ఒక్క కంపెనీ ముద్రా తప్పనిసరి కాదని, యాప్ లేని దారి ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండాలని.

యాప్ బృందాలకు మరో మాట. పరీక్షించడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. వేలాండ్ (లినక్స్‌లో తెర మీద కిటికీలు చూపించే పద్ధతి) ఆధారంగా డెస్క్‌టాప్ నడిచే ఏ లినక్స్ ల్యాప్‌టాప్‌లోనైనా వేడ్రాయిడ్ పెట్టుకోవచ్చు. గూగుల్ సేవలు లేని ఆండ్రాయిడ్ ఇమేజ్ (సిద్ధంగా ఉన్న వ్యవస్థ ఫైలు) ఎంచుకుని మీ యాప్‌ను అందులో వేసి చూడండి, ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది. యాప్‌లో ఏఆర్‌ఎమ్ కోడ్ మాత్రమే ఉంటే ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది రావచ్చు, అప్పుడు ఒక పాత ఫోన్‌లో పోస్ట్‌మార్కెట్ ఓఎస్ వేసుకోండి. లాగ్‌లు (యాప్ నడిచిన తీరు రికార్డులు) కావాలంటే పంపడానికి, కొత్త వెర్షన్ ముందుగా పరీక్షించి చెప్పడానికి మాలో చాలామంది ఉచితంగానే సిద్ధంగా ఉన్నారు.

ఈ ఏడు కోరికల్లో ఏది చేయగలరో, ఏది చేయలేరో, చేయలేనిదానికి కారణం ఏమిటో మీ వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా జవాబు ఇవ్వండి. మొదటిది ఎప్పటిలోగా చేస్తారో తేదీతో సహా చెప్పండి.

ఇట్లు,
లినక్స్ ఫోన్ వాడే మీ ఖాతాదారు